విడిపోయిన తల్లిదండ్రులు, పిల్లల మనోవర్తి, పెంపకం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

భార్యాభర్తలు విడిపోయిన ఇళ్ళలో పిల్లల పోషణ గురించి, వారిని కలుసుకోవడం గురించి మన రెండు జిల్లాల్లో అడిగేవారు మారుతున్నా సందేహాలు మాత్రం మళ్ళీ మళ్ళీ అవే వస్తున్నాయి. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట చేర్చాను. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు. ఇవి చట్టం చెప్పే సాధారణ నియమాలు. మీ కాగితాలు చూసి సలహా చెప్పవలసింది న్యాయవాదే.

## విడిపోయిన తొలి రోజుల్లో

విడాకులు ఇంకా కాలేదు, పిల్లలతో కన్నవారింటికి వచ్చేశాను. ఖర్చులు ఇప్పుడే అడగవచ్చా?

అడగవచ్చు. పిల్లల మనోవర్తికి విడాకులతో సంబంధం లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023లోని 144వ సెక్షను కింద ఈ దరఖాస్తు వేయాలి. 2024 జూలై 1కి ముందు ఇదే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షనుగా ఉండేది కనుక చాలామంది ఇప్పటికీ ‘నూట ఇరవై ఐదు కేసు’ అనే అంటారు. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. తల్లిదండ్రులకు చట్టప్రకారం పెళ్ళి జరగకపోయినా బిడ్డకు ఈ హక్కు ఉంటుంది. భర్త చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్నా, మీరు ప్రస్తుతం నివసిస్తున్న జిల్లాలోనే దరఖాస్తు వేసుకోవచ్చు. మీ ప్రాంతం కుటుంబ న్యాయస్థానం పరిధిలో ఉంటే అక్కడ, లేకపోతే మొదటి తరగతి మెజిస్ట్రేటు కోర్టులో వేయాలి.

పెద్దమనుషుల సమక్షంలో ఒకేసారి డబ్బు తీసుకుని, ఇక ఏమీ అడగమని సంతకం పెట్టేశాం. ఇక దారి లేనట్టేనా?

మన పల్లెల్లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది, ఎక్కువ అన్యాయం జరిగే చోటు కూడా ఇదే. పెద్దమనుషుల కాగితంలో బంగారం, సామాన్లు, పెళ్ళిలో పెట్టిన మోటారుసైకిలు వివరంగా రాస్తారు. బిడ్డ గురించి ఒక్క వాక్యం ఉంటుంది, లేదా అదీ ఉండదు. ఆ కాగితంతో తల్లి తన సొంత హక్కుల విషయంలో ఏదైనా ఒప్పుకుని ఉండవచ్చు గాని, బిడ్డకు తండ్రి నుంచి రావలసిన పోషణను వదులుకునే అధికారం ఆమెకు లేదు. ఆ హక్కు బిడ్డది. కనుక అలాంటి కాగితం ఉన్నా బిడ్డ తరఫున మనోవర్తి దరఖాస్తు వేయవచ్చు. అప్పట్లో ఇచ్చిన మొత్తాన్ని కోర్టు తన లెక్కలో చూసుకుంటుంది, అంతే.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. కులాచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం, 1955 పూర్తిగా తోసిపుచ్చలేదు. అయితే ఆ ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. స్టాంపు కాగితం మీద రాసుకున్నంత మాత్రాన విడాకులు అయిపోవు. పెద్దల మాటతోనే రాజీ కుదుర్చుకోదలచినవారు ఆ రాజీని లోక్ అదాలత్‌లో నమోదు చేయించుకోవడం ఎంతో మేలు. అక్కడ ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు, డబ్బు ఆగిపోతే అమలు చేయమని కోర్టును అడగవచ్చు. పెద్దల కాగితానికి ఆ బలం లేదు.

లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదు. ఎవరిని కలవాలి?

శ్రీకాకుళంలోను, విజయనగరంలోను జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికీ అంతే. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఇంట్లో హింస కూడా ఉంటే 181 మహిళా సహాయ నంబరుకు చెప్పండి. వెళ్ళేటప్పుడు పెళ్ళి ఫోటో లేదా శుభలేఖ, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్ ప్రతులు, బడి ఫీజు రసీదులు పట్టుకెళ్ళండి. ఏదో ఒక కాగితం లేదని ప్రయాణం వాయిదా వేయవద్దు, మిగిలినవి తరువాత ఇవ్వవచ్చు.

అత్తవారు మా బాబును తమ దగ్గరే ఉంచేసుకున్నారు. పోలీసులు తెచ్చి ఇస్తారా?

బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించే అధికారం పోలీసులకు లేదు, కోర్టుకే ఉంది. బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతం ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడ సంరక్షకులు, ఆశ్రితుల చట్టం, 1890 కింద దరఖాస్తు వేయాలి. గృహహింస కూడా జరిగివుంటే 2005 నాటి గృహహింస నిరోధక చట్టంలోని 21వ సెక్షను కింద తాత్కాలిక సంరక్షణను మెజిస్ట్రేటే ఇప్పించగలరు. ఐదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలని హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 చెబుతుంది. అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమన్నది కూడా అదే చట్టం మాట. పాలు తాగే బిడ్డను తల్లి నుంచి వేరు చేసినప్పుడు, బిడ్డను ఎక్కడ ఉంచారో చెప్పనప్పుడు బిడ్డను కోర్టు ముందుకు తీసుకురమ్మని కోరే హెబియస్ కార్పస్ పిటిషనును హైకోర్టులో వేసే మార్గం ఉంది.

బడి గేటు దగ్గర బిడ్డను లాక్కుని రావడం మాత్రం చేయకండి. తల్లి చేసినా తండ్రి చేసినా ఆ భయం బిడ్డ మనసులో చాలాకాలం ఉంటుంది, కోర్టులో కూడా అది చేసినవారికే చేటు తెస్తుంది.

## మనోవర్తి మొత్తం, కోర్టులో రుజువులు

తండ్రి జీతంలో ఎంత శాతం వస్తుంది?

నిర్ణీత శాతం లేదు. జీతంలో నాలుగో వంతు అని అందరూ చెప్పుకునే లెక్క 2017లో సుప్రీంకోర్టు భార్య మనోవర్తి విషయంలో ఒక కేసులో అన్న మాట; పిల్లలకు అదే కొలమానం కాదు. ఒకప్పుడు నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించకూడదన్న పరిమితి ఉండేది, 2001 సవరణతో అది పోయింది. కోర్టు చూసేవి తండ్రి ఆదాయం, ఆస్తి, ఆయన మీద ఆధారపడిన ఇతరులు, తల్లి సంపాదన, బిడ్డ చదువు, వైద్యం, ఇదివరకు బతికిన తీరు. అందువల్ల ‘ఇంత కావాలి’ అని గుండుగుత్తగా అడగకుండా, ఒక నెలలో బిడ్డ కోసం నిజంగా అయ్యే ఖర్చును అద్దెలో వాటా, బియ్యం, పాలు, ఫీజు, ఆటో, మందులు, ట్యూషను అంటూ విడివిడిగా రాసి ఇవ్వండి.

ఆయనకు జీతపు చీటీ లేదు. కూలి, వెల్డింగు, చేపల వేట. ఆదాయం ఎలా చూపించాలి?

2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. ఆయన తక్కువ చేసి రాసినా, అసలు రాయకపోయినా మీరు చూపించగలిగినవి చాలా ఉంటాయి. ఊళ్ళో భూమి ఉంటే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో వచ్చే అడంగల్, 1బి ప్రతులు, ఆయన పేరు మీద ఉన్న బండి వివరాలు, గతంలో మీ ఖాతాకు పంపిన ఫోన్‌పే చెల్లింపులు, వేరే రాష్ట్రంలో పనిచేయించే మేస్త్రీతో జరిగిన సందేశాలు, కొత్తగా కట్టిన ఇంటి ఫోటోలు పనికొస్తాయి. పలాసలో జీడిపప్పు పరిశ్రమ పని గాని, గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి చేసే బోటు పని గాని, భవనాల కూలి గాని రోజువారీ రేటు ఎంత నడుస్తోందో చెప్పగల సాక్షి ఉన్నా మంచిదే.

పని లేదన్న సాకు అంత తేలికగా నిలవదు. శరీర దారుఢ్యం ఉన్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

నాకూ ఉద్యోగం ఉంది. అయినా పిల్లల ఖర్చు అడగవచ్చా?

అడగవచ్చు. తల్లికి సంపాదన ఉన్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు. ఇద్దరూ సంపాదిస్తుంటే ఎవరి ఆదాయానికి తగినట్టు వారు పంచుకోవాలని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956 కూడా ఈ బాధ్యతను తల్లిదండ్రులిద్దరి మీదా పెడుతుంది, కనుక బిడ్డ తండ్రి దగ్గర ఉంటే సంపాదిస్తున్న తల్లి నుంచి ఆయన కూడా కోరవచ్చు. ఆదాయాన్ని దాచవద్దు. తరువాత బయటపడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఆయన సైన్యంలో ఉన్నారు, ఎక్కడ పోస్టింగో కూడా చెప్పరు. ఏం చేయాలి?

మన రెండు జిల్లాల నుంచి సైన్యంలో చేరినవారు చాలామంది ఉన్నందున ఈ ప్రశ్న ఎక్కువే. సైన్య చట్టం, 1950 కింద భార్యాపిల్లల పోషణ కోసం సైనికుడి జీతం నుంచి నేరుగా కోసి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆయన యూనిట్ కమాండింగ్ అధికారికి, రెజిమెంటు రికార్డు కార్యాలయానికి దరఖాస్తు రాయాలి. సర్వీసు నంబరు, పెళ్ళి రుజువు, పిల్లల జనన ధ్రువపత్రాలు జతచేయాలి. చిరునామా తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఈ దరఖాస్తు వేసినా కోర్టుకు వెళ్ళే హక్కు అలాగే ఉంటుంది.

ఆయన గల్ఫ్‌లో ఉన్నారు, ఇక్కడి కోర్టు మాట వింటారా?

సోంపేట, ఇచ్ఛాపురం, టెక్కలి వైపు నుంచి ఈ సందేహం తరచుగా వస్తుంది. ఆయన విదేశంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అక్కడి చిరునామా, కంపెనీ పేరు, వీసా లేదా పాస్‌పోర్టు నకలు ఏది దొరికినా జాగ్రత్త చేయండి. ఊళ్ళో ఆయనకున్న ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతాల మీద వసూలుకు కోర్టును కోరవచ్చు. ఆస్తిని అమ్మేస్తున్నారన్న అనుమానం ఉంటే ఆ సంగతి ఆలస్యం చేయకుండా న్యాయవాదికి చెప్పి, అమ్మకాన్ని ఆపమని కోరుతూ దరఖాస్తు వేయించండి. కోర్టు సమన్లు, వారంటు ఇచ్చినా హాజరు కాకపోతే పాస్‌పోర్టు చట్టం, 1967 కింద పాస్‌పోర్టు స్వాధీనానికి కోరే వీలుంది.

తీర్పు వచ్చేదాకా పిల్లలను ఎలా నెట్టుకురావాలి?

అసలు దరఖాస్తుతోపాటే మధ్యంతర మనోవర్తి కోసం మరో దరఖాస్తు వేయండి. అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లోగా సాధ్యమైనంతవరకు దానిని తేల్చాలని చట్టం చెబుతుంది. వాయిదాలతో అంతకన్నా ఎక్కువ కాలం పడుతున్న కేసులు ఉన్నాయి కాబట్టి మొదటి వాయిదా నుంచే దాని గురించి అడుగుతూ ఉండాలి. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కించాలని 2020 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఇంకో పండగ చూద్దాం, ఇంకో పంచాయితీ చూద్దాం అనుకుంటూ దరఖాస్తు వాయిదా వేస్తే గడిచిన నెలల డబ్బు సాధారణంగా రాదు.

బిడ్డ తనది కాదంటున్నారు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తారా?

పెళ్ళి నిలిచివున్న కాలంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని చట్టం భావిస్తుంది. ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని చూపించవలసిన భారం కాదనేవారి మీద ఉంటుంది. అడిగిన ప్రతిసారీ కోర్టులు డీఎన్‌ఏ పరీక్షకు ఒప్పుకోవు.

## ఉత్తర్వు వచ్చిన తరువాత

రెండు నెలలు ఇచ్చి మానేశారు. ఏం చేయాలి?

బకాయి పడిన నెలల వివరాలతో అదే కోర్టులో అమలు దరఖాస్తు వేయాలి. కోర్టు వసూలు వారంటు ఇస్తుంది. అప్పటికీ ఇవ్వకపోతే ఒక్కో నెల బకాయికి ఒక నెల వరకు జైలు విధించవచ్చు. జైలుకు వెళ్ళివచ్చినంత మాత్రాన బాకీ రద్దు కాదు. ఇక్కడ ఒక గడువును ఎప్పుడూ మరచిపోకూడదు. బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేయకపోతే ఆ నెలకు వారంటు రాదు. మా దగ్గరకు వచ్చేవారిలో మూడేళ్ళ బకాయి ఒకేసారి పట్టుకుని వచ్చేవారు ఉంటారు, అప్పటికి వారంటు ద్వారా రాబట్టగల దానిలో చాలా భాగం చేయి దాటిపోయి ఉంటుంది. కనీసం ఆరు నెలలకు ఒకసారైనా బకాయిలకు దరఖాస్తు వేస్తూ ఉండండి.

ఎన్నేళ్ళ వయసు వరకు ఇవ్వాలి?

నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను కింద 18 ఏళ్ళు నిండేదాకా ఇవ్వాలి. శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు ఆ తరువాత కూడా వర్తిస్తుంది. హిందువులలో పెళ్ళికాని కూతురు తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే 18 దాటినా హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 20వ సెక్షను కింద అడగవచ్చు. కొడుకు విషయంలో మాత్రం ఇంటరు అయ్యే సమయానికే ఈ ఆధారం ఆగిపోయి, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగు ఫీజులు తల్లి మీద పడుతున్నాయి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటున్నవారు ఆ ఒప్పందంలోనే పై చదువుల ఖర్చు ఎవరు, ఎంత, ఎప్పటిదాకా భరించాలో రాయించుకోవాలి.

ఫీజులు పెరిగాయి. లేదా, నా ఉద్యోగం పోయింది. మొత్తం మారుతుందా?

పరిస్థితి మారిందని చూపిస్తే నాగరిక సురక్షా సంహితలోని 146వ సెక్షను కింద కోర్టు మొత్తాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఉద్యోగం పోయిన తండ్రి తనంతట తాను చెల్లింపు ఆపకూడదు. కోర్టు మార్చేదాకా పాత మొత్తమే బాకీగా పెరుగుతూ పోతుంది.

తండ్రిగా నేను సక్రమంగా ఇస్తున్నాను, కానీ అందలేదంటున్నారు. ఎలా ఇవ్వాలి?

ప్రతినెలా ఒకే తేదీన బ్యాంకు ద్వారా పంపండి, వివరంలో ఏ నెలదో రాయండి. బంధువుల చేతికి నగదు ఇవ్వకండి. పండగకు కొన్న బట్టలు, పుట్టినరోజు సైకిలు మీ ప్రేమకు గుర్తు. వాటిని మనోవర్తిలో తగ్గించుకోవడం కుదరదు.

## పిల్లలను కలుసుకోవడం, పెంచడం

డబ్బు ఇవ్వనివారికి బిడ్డను ఎందుకు చూపించాలి? బిడ్డను చూపించనివారికి డబ్బు ఎందుకు ఇవ్వాలి?

ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఇంటి నుంచి రెండు వైపులా వస్తుంటాయి, రెండింటికీ జవాబు ఒకటే. అన్నం బిడ్డ హక్కు, అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఉండగలగడం కూడా బిడ్డ హక్కు. ఒకటి ఆగిందని రెండోది ఆపే అధికారం ఇద్దరిలో ఎవరికీ లేదు. డబ్బు ఆగితే అమలు దరఖాస్తు, చూపించకపోతే సందర్శన హక్కు అమలు దరఖాస్తు. దేని దారి దానిది. కోపంలో బిడ్డను దాచిన తల్లి, కక్షతో డబ్బు ఆపిన తండ్రి తమ భాగస్వామిని శిక్షిస్తున్నామనుకుంటారు. ఆ నెల బడి మానినదీ, ఆ ఆదివారం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నదీ బిడ్డ.

నేను వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నాను. పిల్లలను ఎలా కలవాలి?

‘వీలైనప్పుడు చూడవచ్చు’ అని రాసుకున్న ఒప్పందాలే ఎక్కువ గొడవలకు దారితీస్తున్నాయి. ఏ వారం, ఎన్ని గంటలకు, ఎక్కడ అప్పగించాలి, ఎవరు తీసుకెళ్ళాలి, రైలు ఆలస్యమైతే ఎవరికి ఫోను చేయాలి అన్నవి కూడా రాయించండి. పండగలను ముందే పంచుకోండి: సంక్రాంతి ఒకరి దగ్గరైతే దసరా సెలవులు మరొకరి దగ్గర, విజయనగరం వారైతే పైడితల్లి సిరిమానోత్సవం రోజు, శ్రీకాకుళం వారైతే అరసవల్లి రథసప్తమి రోజు ఎవరితో వెళ్ళాలో ఏడాది మార్చి ఏడాది అనుకోవచ్చు. కలవలేని వారాల్లో వీడియో కాల్ ద్వారా బిడ్డతో మాట్లాడే హక్కును 2020లో సుప్రీంకోర్టు గుర్తించింది. ఆ కాల్ చదువు, నిద్ర వేళలకు అడ్డురాకుండా, రోజూ ఒకే సమయానికి ఉంటే బిడ్డ దానికోసం ఎదురుచూస్తుంది. వస్తానని రాకపోవడం మాత్రం బిడ్డకు చేసే పెద్ద నష్టం. సెలవు దొరకకపోతే ముందురోజే బిడ్డకు మీ నోటితో చెప్పండి.

పాప నాన్న దగ్గరికి వెళ్ళనని ఏడుస్తోంది. బలవంతంగా పంపాలా?

ముందు కారణం తెలుసుకోవాలి. చాలాసార్లు అది ప్రయాణం అలసట, అక్కడ తోటి పిల్లలు లేకపోవడం, అమ్మ ఒంటరిగా ఉండిపోతుందన్న బెంగ. అలాంటప్పుడు కలిసే సమయం తగ్గించి, తెలిసిన చోట, తనకిష్టమైన బొమ్మో పుస్తకమో వెంట ఇచ్చి మొదలుపెడితే అలవాటు పడుతుంది. కానీ తాగి కొట్టడం, భయపెట్టడం, ఒంటి మీద తాకకూడని చోట తాకడం వంటి మాట బిడ్డ నోట వస్తే దానిని మారాంగా కొట్టిపారేయవద్దు. ఆ వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి, న్యాయవాది ద్వారా కోర్టుకు తెలిపి సందర్శనను ఆపమనో, మరొకరి సమక్షంలోనే జరగాలనో కోరండి. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని న్యాయమూర్తి తన గదిలో విడిగా అడిగి తెలుసుకోవచ్చు. దానికి బిడ్డకు జవాబులు నేర్పి తీసుకెళ్ళకండి.

మేము విడిపోయామని పిల్లలకు ఎలా చెప్పాలి?

వీలైతే ఇద్దరూ కలిసి, క్లుప్తంగా, నిజమే చెప్పండి: ఇక వేరువేరు ఇళ్ళలో ఉంటామని, ఇందులో నీ తప్పు ఏమీ లేదని, రేపటి నుంచి నువ్వు ఎక్కడ పడుకుంటావు, ఏ బడికి వెళ్తావు అన్నది ఇలా ఉంటుందని. నాన్న ఊరెళ్ళాడని ఏళ్ళ తరబడి చెప్పే అబద్ధం ఏదో ఒక పెళ్ళిపందిట్లో బంధువుల నోట బయటపడుతుంది. ఫీజు అడగమని బిడ్డతో కబురు పంపవద్దు. ‘మీ నాన్న వస్తున్నాడా’ అని ఇరుగుపొరుగు ఆరా తీసినప్పుడు చెప్పడానికి బిడ్డకు ఒక చిన్న జవాబు ముందే సిద్ధం చేయండి. తరగతి ఉపాధ్యాయులకు విషయం చెప్పి ఉంచితే, బిడ్డ ఒక్కసారిగా చదువులో వెనకబడినా, మౌనంగా మారినా వారు వెంటనే గుర్తిస్తారు.

నాన్నమ్మ, తాతయ్య మనవలను చూడవచ్చా?

చూడవచ్చు. ఒప్పందంలో వారి పేర్లు కూడా రాయించండి. అవసరమైతే కోర్టును కోరవచ్చు.

## కాగితాలు, పథకాలు, తరువాతి జీవితం

బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు, రేషను కార్డు సంగతి ఏమిటి?

చాలామంది విడిపోయాక కూడా గ్రామ సచివాలయ రికార్డుల్లో భర్త కుటుంబంలోనే సభ్యులుగా ఉండిపోతారు. అందువల్ల అవతలివారి ఆదాయమో, వాహనమో లెక్కలోకి వచ్చి పథకం ఆగవచ్చు. పిల్లలు మీ దగ్గర ఉంటే సచివాలయంలో కుటుంబ వివరాలు, రైస్ కార్డు వేరు చేయమని దరఖాస్తు ఇవ్వండి, కోర్టు కాగితం ఉంటే జతచేయండి. 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో ఒక్కో విద్యార్థికి 13,000 రూపాయలు జమయ్యాయి. ఆ ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. ప్రభుత్వం ఇచ్చే ఈ సాయం తండ్రి ఇవ్వవలసిన మనోవర్తికి బదులు కాదు.

బిడ్డ ఇంటిపేరు, పాస్‌పోర్టు తల్లి ఒక్కతే నిర్ణయించవచ్చా?

తండ్రి మరణించి, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఒక తెలుగు కుటుంబపు కేసులో, బిడ్డ ఇంటిపేరును నిర్ణయించే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లికి ఉందని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి జీవించి ఉండి అభ్యంతరం చెబితే మాత్రం కోర్టు ద్వారానే తేల్చుకోవడం మంచిది. పాస్‌పోర్టుకు తల్లిదండ్రులలో ఒకరి పేరుతోనే దరఖాస్తు చేసే వీలును 2016 డిసెంబరులో కేంద్రం కల్పించింది.

నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే బిడ్డ మనోవర్తి ఆగిపోతుందా?

ఆగదు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమెకు వచ్చే మనోవర్తి ఆగుతుంది గాని బిడ్డది ఆగదు. తండ్రి రెండో పెళ్ళి చేసుకుని, ఆ పెళ్ళిలో పిల్లలు పుట్టినా మొదటి బిడ్డ బాధ్యత తొలగదు. కొత్త భర్త బిడ్డను దత్తత తీసుకోదలిస్తే కన్నతండ్రి జీవించి ఉన్నంతవరకు సాధారణంగా ఆయన అంగీకారం అవసరం. దత్తత పూర్తయితే కన్నతండ్రితో చట్టపరమైన సంబంధం, ఆయన నుంచి వచ్చే పోషణ రెండూ ముగుస్తాయి. కనుక తొందరపడి బడి రికార్డుల్లో తండ్రి పేరు మార్పించే ప్రయత్నం చేయకుండా, ముందు న్యాయవాదిని కలిసి దత్తత పత్రం రాయించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించి, ఆ పత్రం ఆధారంగానే మిగతా కాగితాలు మార్పించుకోండి.